చిన్న గదుల అలంకరణ: సున్నిపెంట చెప్పే చరిత్ర

‘ఇల్లు ఇరకటము, ఆలు మర్కటము’ అని మనవారి సామెత. ఈ సామెతను పుట్టించినవాడు పురుషుడే అయి ఉండవలెను. ఇరుకు ఇంటిలో తెల్లవారినది మొదలు పొద్దుపోయేవరకు మసలవలసినవారు ఎవరో ఆలోచించి ఉంటే, అతడు రెండవ సగమును మరొక విధముగా చెప్పి ఉండేవాడు. అది అట్లుండగా, ఇల్లు ఇరుకైనంత మాత్రాన బ్రతుకు ఇరుకు కానక్కరలేదని మన పూర్వులు తమ ఇండ్లలోనే నిరూపించినారు. ఆ విద్య ఎట్టిది, అది మన చేతి నుండి ఎప్పుడు, ఎందువల్ల జారిపోయినది అనే విషయమును నేడు ముచ్చటించుకొందాము.

గదిని అలంకరించుట అనగానే నేడు మనకు తోచేది బజారు. పటములు, తెరలు, బొమ్మలు, బల్లలు కొని తెచ్చి నింపుటే అలంకరణ అనుకొంటున్నాము. పెద్ద గదిలో ఈ పద్ధతి కొంతవరకు చెల్లుతుంది. పదడుగుల గదిలో చెల్లదు. చిన్న గది అలంకారము వస్తువులను చేర్చుటలో లేదు, గోడకు పని చెప్పుటలో ఉన్నదని మా అభిప్రాయము. ఇది మేము కల్పించిన సిద్ధాంతము కాదు. మన దేశపు ఇండ్ల చరిత్రను పరికించినవారికి తనంతట తానుగా తట్టే సంగతి. ఈ చరిత్రను చెప్పుకొనుటకు నంద్యాల జిల్లాలో, నల్లమల నడుమ, శ్రీశైలము దాపున ఉన్న సున్నిపెంటను మించిన చోటు లేదు. అడవిలోని గుడిసె, ముంపు గ్రామపు మట్టి మిద్దె, ప్రాజెక్టు ఉద్యోగి క్వార్టరు అనే మూడు రకముల చిన్న ఇండ్లు ఆ పరిసరములలో ఒకదాని కథతో ఒకటి పెనవేసుకొని ఉన్నవి.

ముందుగా ఊరి పేరు విందాము. పెంట అనగానే మైదానపు ప్రాంతమువారు మరొక అర్థము తీసి నవ్వుకొంటారు. నల్లమలలో ఆ మాటకు చెంచుల నివాసము అని అర్థము. నాలుగైదు కుటుంబములో, పది పదిహేను కుటుంబములో ఒకచోట గుడిసెలు వేసుకొని ఉంటే అది పెంట. కృష్ణకు ఈవలి ఒడ్డున, ఆవలి ఒడ్డున ఈ మాటతో ముగిసే పేర్లు అడవి పొడవునా వినవస్తవి. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త చెంచుల మధ్య నివసించి, వారి జీవితమును గురించి 1943లో ఒక గ్రంథము ప్రకటించినాడు. ఆయన వర్ణించిన చెంచుల ఇల్లు గుండ్రనిది. చుట్టూ తడికె గోడ, పైన కోసుగా దిగిన గడ్డి కప్పు. లోపల ఉన్నది ఒకటే గది.

ఆ ఒక్క గదిలో ఒక కుటుంబము వండుకొని, తిని, నిద్రించి, బిడ్డలను పెంచుకొనవలెను. ఐనను నేల మీద నడిచేందుకు చోటు మిగులుతుంది. ఎట్లు? విల్లు, అంబులు కప్పు గడ్డిలో దోపుతారు. బుట్టలు, బుర్రలు తడికెకు వ్రేలాడతవి. గోడ, కప్పు వారికి ఎండవాన ఆపే అడ్డు మాత్రమే కాదు, సామాను మోసే చేతులు కూడాను. అందమునకని వారు ప్రత్యేకముగా తెచ్చి పెట్టినది ఏమీ లేకపోయినా, ఆ గది చూచేవారికి బోసిగా కనిపించదు. వాడుక వస్తువులు వాటి వాటి చోట్ల ఉండుటే అక్కడి అలంకారము.

ఈ అలవాటుకు మూలములు మిక్కిలి ప్రాచీనమైనవి. కర్నూలు జిల్లాలో ఓర్వకల్లు సమీపమున కేతవరము వద్ద కొండ మరుగులలో చరిత్రకు పూర్వపు మానవుడు గీసిన చిత్రములున్నవి. జింకలు, ఇతర మృగములు, మానవాకృతులు ఎఱ్ఱని రంగుతో రాతిపై నిలిచి ఉన్నవి. తలుపు, కిటికీ, గది అనే మాటలు పుట్టకముందే మనిషి తాను తలదాచుకొన్న చోట గోడను ఊరక విడిచిపెట్టలేదు. ఆ ఎఱుపునకు ఆధారము ఇనుము కలిసిన మన్ను. నిన్న మొన్నటి వరకు రాయలసీమ ఇల్లాలు పండుగ ముందు అరుగులకు, గోడ అడుగు భాగమునకు పూసిన జాజు కూడ అటువంటి మన్నే. మధ్య వేల సంవత్సరములు గడచినవి గాని, చేతిలోని రంగు మారలేదు.

గోడను చిత్రమునకు సిద్ధము చేయుట క్రమముగా ఒక శాస్త్రమైనది. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో రచింపజేసిన ‘మానసోల్లాసము’లో ఈ విధానము వివరముగా ఉన్నది. గోడను సున్నముతో నునుపు చేయవలెను. ఎనుము తోలును ఉడికించి తీసిన వజ్రలేపమనే జిగురును తెల్లని మన్నుతో కలిపి పలుమార్లు పూయవలెను. అది ఆరిన పిమ్మటనే కుంచె పట్టవలెను. ఆ చాళుక్యుల శాసనములు సున్నిపెంటకు ఎగువన, తుంగభద్ర ఒడ్డున ఉన్న అలంపురములో నేటికీ నిలిచి ఉన్నవి. తరువాతి కాలపు లేపాక్షిలో, పదునారవ శతాబ్దిలో, కప్పు నిండా చిత్రములు వెలసినది ఇటువంటి సున్నపు పూత మీదనే.

ఇది దేవాలయములకు, రాజులకు పరిమితమైన విద్య అనుకొనరాదు. పదునైదవ శతాబ్ది నాటి ‘క్రీడాభిరామము’ ఓరుగల్లు వీథులలో మనలను త్రిప్పుతూ, మాచల్దేవి అనే వేశ్య ఇంటి చిత్రశాలను చూపిస్తుంది. గోడల మీద పురాణ కథల చిత్రములుండినవట. సంపన్నురాలైన ఒక స్త్రీ తన ఇంటి గోడకు చిత్రకారుని నియమించుకొన్నదన్న మాట. అదే రీతిగా 1520 ప్రాంతమున విజయనగరము చూడవచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ రాయలవారి అంతఃపురములో ఒక గదిని చూచి ఆశ్చర్యపడినాడు. ఆ గది గోడలు పైనుండి క్రింది వరకు దంతపు పనియేనని, పైని దూలముల కింది స్తంభములకు దంతముతో చెక్కిన గులాబీలు, తామరపూలు ఉన్నవని వ్రాసినాడు. అన్ని ఐశ్వర్యములున్న చక్రవర్తి సైతము ఆ గదిలో వస్తువులను గుట్టపోయలేదు. గోడనే అలంకరించినాడు.

ఇక సామాన్యుని ఇంటికి వద్దాము. నంద్యాల, ఆళ్ళగడ్డ, ఆత్మకూరు, నందికొట్కూరు ప్రాంతముల పాత ఇల్లు మట్టి మిద్దె. గోడ రాతితోనో, మట్టితోనో రెండడుగుల మందమున లేస్తుంది. దానిపై దూలములు, దూలముల మీద అడ్డముగా దంతెలు, వాటిపై బండలో వెదురో పరచి, ఆకు అలము వేసి, మన్ను తొక్కి, చివరగా చౌడు పోస్తారు. చౌడు నీటిని త్వరగా లోనికి దిగనీయదు. గది నడినెత్తిన గవాచి ఉంటుంది. పగలు దాని గుండా ఒక వెలుగు స్తంభము నేల మీదకు దిగుతుంది. వాన వస్తే దానిని మూసివేస్తారు. గోడలకు పెద్ద కిటికీలుండవు. దొంగల భయము ఒక కారణము, రాయలసీమ ఎండ మరొక కారణము.

ఆ మందపు గోడలోనే ఇంటి అందమంతా దాగి ఉండేది. గోడను కట్టేటప్పుడే గూళ్ళు విడిచేవారు. తలుపు పక్క దీపపు గూడు, తూర్పు గోడకు దేవుని గూడు, పొయ్యి దగ్గర ఉప్పు పులుసుల గూడు, ఆడవారి దువ్వెనకు, అద్దమునకు, కాటుక భరిణెకు మరొక గూడు. గూడు నేలమీద చోటును ఆక్రమించదు. గది లోపలికి పొడుచుకొని రాదు. పైన కమానుగా తీర్చి, చుట్టూ సున్నపు గీత గీసి, మధ్య దీపము పెడితే అంతకు మించిన పటము గోడకు అక్కరలేదు. ఆళ్ళగడ్డ శిల్పుల చేతిపని పేరెన్నికగన్నది. అటువంటి చేతులలో రూపొందిన చిన్న రాతి విగ్రహమొకటి ఆ గూటిలో నిలిస్తే, జానెడు చోటే గుడి అవుతుంది.

గూటి తరువాత చెప్పవలసినది చిలుకకొయ్య. గోడలో దిగగొట్టిన కొయ్య మేకునకు చిలుక ఆకారము చెక్కినారు గనుక ఆ పేరు వచ్చినది. దానికి ఉత్తరీయము తగిలించవచ్చును, సంచి తగిలించవచ్చును, ఏమీ తగిలించనప్పుడు అది చిలుకయై గోడ మీద వాలి ఉంటుంది. పని ఉన్నప్పుడు పనిముట్టు, పని లేనప్పుడు శిల్పము! అలంకరణ శాస్త్రమును గురించి ఎన్ని ఉపన్యాసములు విన్నా, ఈ కొయ్య చెప్పినంత తేటగా ఎవరూ చెప్పలేరు. అమెరికాలో షేకర్లు అనే ఒక మతసమాజమువారు పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దులలో తమ గదుల గోడల చుట్టూ కొయ్య మేకుల వరుస అమర్చుకొని, కుర్చీలను సైతము ఊడ్చేటప్పుడు వాటికి తగిలించేవారు. నేడు ఆ వరుసను చూచి లోకము మెచ్చుకొంటున్నది. అదే సూత్రము మన పల్లె గోడ మీద చిలుక రూపమున వాలి ఉండినది.

వీటికి తోడు దండెము, ఉట్టి, అటక. గది పైభాగము వీటి రాజ్యము. మంచము పగలు గోడకు నిలబడేది, చాప చుట్టుకొని మూలకు చేరేది. ఒకే గది ఉదయము వంటిల్లు, మధ్యాహ్నము చావడి, రాత్రి పడకటిల్లు అయ్యేది. పాత చీరలను పొరలుగా పేర్చి కుట్టిన బొంత ఒకటి మడిచి పెట్టె మీద పరిస్తే అదే రంగుల కంబళము. ఇక నేల సంగతి ఇల్లాలి చేతిలో ఉండేది. పేడతో అలికి, ముగ్గు వేసి, గడపకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టేవారు. ఈ అలంకారము నిత్యము చెరిగేది, నిత్యము పుట్టేది. దీనికి ఖర్చు లేదు గాని, శ్రమ ఉన్నది. ఆ శ్రమ అంతయు స్త్రీలదే అన్న మాటను మరువరాదు.

చిన్న గదికి పెద్ద గౌరవము ఇచ్చిన మరొక దేశము జపాను. పదునారవ శతాబ్దిలో సెన్ నో రిక్యూ అనే తేనీటి గురువు రెండు చాపల వైశాల్యము, అనగా సుమారు ముప్పదియారు చదరపు అడుగుల గదిని తేనీటి విందులకు చాలునన్నాడు. ఆయన నిర్మించినదని చెప్పే తైఆన్ అనే గది నేటికీ క్యోటో సమీపమున భద్రముగా ఉన్నది. ఆ గదిలో గోడలోనికి విడిచిన ఒక గూడు, అందులో ఒక చిత్రమో ఒక పువ్వో. అంతే. మన దీపపు గూటికి దూరపు చుట్టము వంటిది. కాని ఒక భేదమున్నది. జపాను తన చిన్న గదిని శాస్త్రముగా వ్రాసుకొన్నది, నేర్చుకొన్నది. మనము మన గదిని పేదరికపు గుర్తుగా భావించి సిగ్గుపడినాము.

అలంకరణకు తగిన వస్తువులు మనకు లేక కాదు. మచిలీపట్నపు కలంకారీ వస్త్రములు పదునేడవ శతాబ్దిలో ఓడలెక్కి ఐరోపా వెళ్ళి, అక్కడి పడకటిండ్లకు తెరలై, పలంగుపోషులై వ్రేలాడినవి. వాటి ధాటికి తట్టుకొనలేక ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టలను నిషేధించినది. ఇంగ్లండు 1721లో శాసనము చేసి, ఒంటి మీదనే కాదు, పరుపులకు, కుర్చీలకు కూడ అట్టి నూలుబట్టను వాడరాదన్నది. ఒక దేశపు గదుల అలంకారమును ఆపుటకు చట్టము చేయవలసి వచ్చినదంటే, మన నేతగాని, అద్దకపువాని చేతి బలము ఎంతటిదో ఊహించవచ్చును. సీమలో ఆదోని జంబుఖానాలకు పేరుండినది. నొస్సం, నంద్యాలల వైపు కొయ్య మీద లక్కరంగుల చిత్రపు పని ఉండినది. ఐతే ఈ వస్తువులు సామాన్యుని ఇంట పండుగకు పరచి మరల పెట్టెలో దాచేవే గాని, నిత్యము గదిని నింపేవి కావు.

ఈ పద్ధతి మొదట చెదరినది పంతొమ్మిదవ శతాబ్ది చివరలో. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో రంగుల ముద్రణాలయము నెలకొల్పినాడు. లక్ష్మి, సరస్వతి, శకుంతల, దమయంతి కాగితము మీద అచ్చై, అద్దము చట్రములో బిగిసి, తెలుగు ఇండ్లకు వచ్చినారు. ఇది గొప్ప మేలే. అంతవరకు కోవెలలో మాత్రమే చూడగలిగిన రూపము ప్రతి గుడిసెకు అందినది. కాని దానితో పాటు గోడ స్వభావము మారినది. పటములు దూలముల కింద, తల ఎత్తి చూడవలసిన ఎత్తున, ముందుకు వంగి వరుసగా వ్రేలాడసాగినవి. ఆ తరువాత క్యాలెండర్లు వచ్చినవి. సంవత్సరము గడచినా బొమ్మ మీది భక్తితో వాటిని తీయలేక, కొత్తదానిని పాతదాని మీద తగిలించినాము. గోడ మోసే చేయిగా ఉండుట మాని, అతికించే అట్టగా మారినది.

అసలు దెబ్బ గోడ మందము తగ్గుటతో తగిలినది. ఇటుక, సిమెంటు వచ్చి, రెండడుగుల గోడ తొమ్మిదంగుళములైనది. గదుల మధ్య గోడ నాలుగున్నర అంగుళములకు దిగినది. ఆ గోడలో గూడు విడువలేము. గూటిలో ఉండిన వస్తువులన్నీ గదిలోనికి దిగినవి. వాటి కొరకు బీరువా, అలమర, బల్ల, స్టాండు కొనవలసి వచ్చినది. అనగా గోడ సన్నబడి కలిసివచ్చిన చోటును సామాను మ్రింగివేసినది. చిన్న గది ఇరుకైనది గోడల వల్ల కాదు, గోడ చేయుట మానిన పని వల్ల.

ఈ మార్పును ఒక తరములోనే కండ్ల ఎదుట చూపినది శ్రీశైలము ప్రాజెక్టు. 1963 జులై 24న జవాహర్‌లాల్ నెహ్రూ ఈ ఆనకట్టకు శంకుస్థాపన చేసినారు. అంతకు ముందే తుంగభద్ర, నాగార్జునసాగరములు ఆనకట్టతో పాటు ఆనకట్ట ఊరును కూడ మన దేశమునకు పరిచయము చేసినవి. పనివారికి, ఉద్యోగులకు వరుస వరుసలుగా క్వార్టర్లు, మధ్య బడి, ఆసుపత్రి, అంగడి. చెంచుల పేరు మోసిన సున్నిపెంట ఆ విధముగా ప్రాజెక్టు కాలనీ అయినది. కోస్తా నుండి, తెలంగాణము నుండి, సీమ నుండి వచ్చిన కుటుంబములు ఒకే కొలతల గదులలో పక్కపక్కన కాపురము పెట్టినవి.

ప్రభుత్వ క్వార్టరు అద్దె ఇంటికి అన్న వంటిది. గోడ మనది కాదు. రంగు మన ఇష్టము కాదు. మేకు కొట్టవలెనన్న సందేహము. బదిలీ ఉత్తరువు ఎప్పుడు వస్తుందో తెలియదు. కనుక ఆ ఇంటి అలంకారమంతా లారీ ఎక్కగలిగినదిగా ఉండవలెను. మడత కుర్చీ, ట్రంకు పెట్టె, దానిమీద కుట్టుపని గుడ్డ, గుడ్డ మీద అద్దము. ఈ వస్తువులన్నిటిలో పెద్దపీట రేడియోది. ఆకాశవాణి కడప కేంద్రము కూడ 1963లోనే వెలసినది. రేడియో వచ్చిన ఇంట దాని కొరకు గోడకు ఒక కొయ్య పలక బిగించేవారు, పలకకు అల్లికపని తెర కట్టేవారు. గూడు పోయిన గోడకు మరల ఒక గూడు దొరికినదన్న మాట. వాల్వుల రేడియో వెనుక భాగము వేడెక్కేది గనుక వెనుక గాలి ఆడనిచ్చి ముందువైపు మాత్రమే తెర కట్టిన ఇల్లాలు, ఇంజనీరుకు తీసిపోదని మేము అంటాము.

ఇక కథలో కఠినమైన భాగమునకు వచ్చినాము. జలాశయము నిండవలెనంటే కృష్ణా, తుంగభద్రల తీరమున ఉన్న గ్రామములు మునగవలెను. 1981లో ఆ గ్రామములను ఖాళీ చేయించినారు. లక్షకు పైగా జనము ఇల్లు వాకిళ్ళు విడిచిపోయినారు. దేవాలయముల విషయములో ప్రభుత్వము శ్రద్ధ చూపినది. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయి అంకె వేసి విప్పి, అలంపురములో మరల నిలిపినారు. పాపనాశనపు గుళ్ళను అట్లే తరలించినారు. రూపాల సంగమేశ్వరాలయము కర్నూలు దగ్గర జగన్నాథగట్టునకు చేరినది. ఇవి మన శిల్ప సంపదను కాపాడిన మంచి పనులే. వాటిని ఎవరు మెచ్చుకొనకుండా ఉండగలరు?

కాని మట్టి మిద్దెను ఆ విధముగా విప్పలేరు. ద్వారబంధము ఊడదీయవచ్చును, దూలము బండికెక్కించవచ్చును, చిలుకకొయ్యను లాగి మూటలో వేసుకొనవచ్చును. గూటిని ఎట్లు తీసుకొనిపోగలరు? గవాచి వెలుగును ఏ పెట్టెలో పెట్టగలరు? తరతరముల దీపపు మసితో నల్లబడిన ఆ జానెడు చోటునకు నష్టపరిహారపు పట్టికలో వరుస ఉండదు. కొత్త చోట కట్టుకొన్న ఇండ్లు మరొక రకపు ఇండ్లయినవి. వేసవిలో నీరు తగ్గినప్పుడు కృష్ణలో సంగమేశ్వరము పైకి తేలుతుంది, జనము వెళ్ళి దర్శించి వస్తారు. ఇండ్లకు ఆ భాగ్యము లేదు. నీటిలో నానిన మట్టి గోడ మట్టిలోనే కలసిపోతుంది. మన గృహనిర్మాణ చరిత్రలో ఒక అధ్యాయము ఈ విధముగా కొలతలైనా తీయకుండ కరిగిపోయినది.

చెంచుల సంగతి కూడ ఇటువంటిదే. వారి క్షేమము కొరకు గిరిజనాభివృద్ధి సంస్థ శ్రీశైలము కేంద్రముగా పనిచేసినది. పెంటలలో పక్కా ఇండ్లు లేచినవి. వానకు, పామునకు ఆ ఇండ్లు రక్షణయే. ఐనను కొన్ని పెంటలలో పక్కా ఇంటి పక్కనే పాత పద్ధతి గుడిసె ఒకటి కట్టుకొని, ఎండకాలము అందులో ఉండుట కనిపిస్తుంది. దీనిని చూచి వారికి నాగరికత పట్టలేదని నవ్వేవారున్నారు. మేము ఆ మాట ఒప్పుకొనము. గడ్డి కప్పు చల్లన, సిమెంటు కప్పు వేడి అన్నది అనుభవము. ఇల్లు ఇచ్చేటప్పుడు అందులో ఉండేవారిని అడిగి ఇవ్వవలెనన్న పాఠము ఆ గుడిసెలో ఉన్నది.

ఇంత చరిత్ర విన్న పిమ్మట, మన పదడుగుల గదిలో నేడు ఏమి చేయగలమన్న ప్రశ్న సహజము. ముందుగా ఒక చిన్న లెక్క వేసి చూడండి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గది నేల నూరు చదరపు అడుగులు. మంచము పద్దెనిమిది, బల్ల ఆరు, బీరువా నాలుగున్నర, రెండు కుర్చీలు మరొక నాలుగు చదరపు అడుగులు మ్రింగితే, నేలలో మూడవవంతు పోయినట్లే. అదే గదిలో తొమ్మిదడుగుల ఎత్తు గోడలు నాలుగూ కలిసి మూడు వందల అరవై చదరపు అడుగులు. వాకిలి, కిటికీ తీసివేసినా సుమారు మూడు వందలు మిగులుతవి. నేలకు మూడింతల చోటు మన చుట్టూ నిలబడి ఉండగా, మనము నేల మీదనే పోట్లాడుకొంటున్నాము.

కనుక మొదటి పని గోడను శుభ్రముగా, లేత రంగుగా ఉంచుట. మనవారి సున్నము ఇందుకు మేలైనది. సున్నములో కొంచెము గంజి గాని బంక గాని కలిపితే చేతికి అంటదు. చిటికెడు నీలిమందు కలిపితే తెలుపు మరింత తేటపడుతుంది. తెల్లని గోడ కిటికీ వెలుగును పట్టి గదియంతటికి పంచుతుంది. ముదురు రంగు కావలెనన్న కోరిక ఉంటే గోడ అడుగున జానెడు పట్టీ చాలును. మన జాజు పట్టీ చేసిన పని అదే. కాలి ధూళి కనబడనీయదు, తెల్లదనమునకు హద్దు గీస్తుంది.

రెండవ పని గోడకు చేతులిచ్చుట. సన్నని గోడలో గూడు విడువలేకపోయినా, తలుపు పైన ఒక పలక, మంచము తల దగ్గర ఒక చిన్న పలక, భుజము ఎత్తున కొయ్య మేకుల వరుస బిగించవచ్చును. ఇల్లు కొత్తగా కట్టుకొనేవారు బయటి గోడలోనైనా మేస్త్రీతో చెప్పి ఒకటి రెండు గూళ్ళు పెట్టించుకొనవలెను. మూడవ పని పటములను కంటి ఎత్తునకు దించుట. పది పటముల బదులు ఒకటి చాలును. ఋతువు మారినప్పుడు దానిని మార్చి, తీసినదానిని పెట్టెలో దాచితే, మరల బయటికి తీసినప్పుడు అది కొత్తదే. కిటికీకి ఎదుట అద్దమొకటి నిలిపితే గదికి మరొక కిటికీ వచ్చినట్లగును. నేల మీద ఒక చాప, దానిమీద ఒక బొంత. గోడలో మూడవవంతు ఖాళీగా ఉంచుట వీటన్నిటికంటె ముఖ్యము. కంటికి కూడ కూర్చుండుటకు చోటు కావలెను గదా.

అద్దె ఇంటివారికి గోడ మీద అధికారము లేదన్నమాట నిజమే. వారు గోడకు ఆనించి నిలబెట్టే నిచ్చెన వంటి పలకల చట్రమొకటి చేయించుకొనవచ్చును. ఇల్లు మారినప్పుడు అది వెంట వస్తుంది. సున్నిపెంట వంటి ఊళ్ళలో ఇల్లు మారి మారి బ్రతికిన కుటుంబములకు ఈ నేర్పు మనము చెప్పనక్కరలేదు. ట్రంకు పెట్టెను పగలు ఆసనముగా, రాత్రి బిడ్డకు మంచముగా, అతిథి వస్తే బల్లగా వాడిన ఇల్లాళ్ళు వారి ఇండ్లలో ఉన్నారు.

చివరగా మాకొక విన్నపము ఉన్నది. రాయలసీమ పల్లెలలో మట్టి మిద్దెలు నేడు కూలుతున్నవి, కూల్చబడుతున్నవి. కొత్త ఇల్లు కట్టుకొనుట తప్పు కాదు. వానకు కారే కప్పు కింద చరిత్రను కాపాడుమని ఎవరినీ అడుగరాదు. కాని గోడ పడగొట్టుటకు ముందు ఒక పూట ఆగి, గూడు ఎంత ఎత్తున ఉన్నది, ఎంత లోతు ఉన్నది, గవాచి వెలుగు ఏ వేళకు ఎక్కడ పడేది, ఏ కొయ్యకు ఏమి తగిలించేవారు అని ఇంటి అవ్వనడిగి, కొలిచి, ఒక నోటు పుస్తకములో వ్రాసి పెట్టుకొనండి. ఆనకట్ట కింద మునిగిన ఇండ్లకు ఆ అవకాశము దొరకలేదు. మన చేతిలో ఉన్నవాటికి ఇంకను ఉన్నది. ఆ కొలతలే రేపు మీ మేస్త్రీకి పనికివస్తవి, మీ కొత్త చిన్న గదిలో మొదటి గూడు అవుతవి.